దిబ్బల మీద సరుగుడు తోట

నా రిటైర్మెంటు సభలో మాట్లాడిన ప్రతి ఒక్కరూ నేను పెంచిన చెట్ల గురించే చెప్పారు. సంగం వైపు పొలం గట్ల మీద టేకు, రోడ్ల పక్కన కానుగ, సముద్రం ఒడ్డున సరుగుడు. శాలువా కప్పి, చేతిలో ఒక మొక్క పెట్టి ఫోటో తీశారు. ఫారెస్టు మనిషికి ఇంకేం ఇస్తారు లెండి. ఆ మొక్కకి నెల తిరక్కుండానే పురుగు పట్టింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో అన్నిటికంటే బాగా వచ్చిన తోట ఏది మేడం అని అడుగుతుంటారు. ఫోన్‌లో చెబితే తెమిలే కథ కాదు. ఎందుకంటే ఆ తోట ఇప్పుడు లేదు. మేమే వేళ్ళతో సహా పెకలించాం. పెకలించినా దక్కింది ఏమీ లేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చేది ఉందో లేదో మీరే చూసుకోండి. నీతులు చెప్పే ఓపిక నాకు మొదటి నుంచీ లేదు.

నా భర్త ఫారెస్టు గార్డుగా ఉంటూ జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. చెట్టంటే నీడ, నీడంటే మంచిది, అంతవరకే తెలుసు. కొన్నేళ్ళు సంగం వైపు చేశాక విడవలూరు అవతల సముద్రపు బీటుకి బదిలీ చేశారు. ఆడమనిషికి ఆ ఉప్పుగాలి బీటు కష్టమని ఆఫీసులో అందరూ జాలిపడ్డారు. ఆ జాలిపడ్డవాళ్ళే ఆర్డరు కూడా టైపు చేశారు.

అక్కడ ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, లోపలి నీళ్ళలో మూడు ఇసుక దిబ్బలున్నాయి. పెద్ద దిబ్బ, నడిమి దిబ్బ, చిట్టి దిబ్బ. మూడూ కలిపినా ఒక మోస్తరు చెరువంత ఉండవు. నేను వెళ్ళేసరికే పెద్ద దిబ్బ మీదా నడిమి దిబ్బ మీదా సరుగుడు తోట మనిషి ఎత్తు దాటి ఉంది. చిట్టి దిబ్బ మరీ పల్లంగా ఉంటుందని దాన్ని వదిలేశారు.

నాటిన కథ నేను తర్వాత విన్నాను. సునామీ వచ్చిపోయాక తీరం వెంట సరుగుడు పెంచమని గట్టి ఆదేశాలు వచ్చాయి. ఒడ్డున చూస్తే జాగా లేదు. ఎక్కడ గుంట తవ్వబోయినా అది ఎవరిదో ఒకరిది రొయ్యల చెరువు గట్టు. అప్పటి రేంజరు గారు ఒడ్డు మీద నిలబడి దిబ్బల వైపు చెయ్యి చూపించి, అంత ఖాళీ పెట్టుకుని జాగా లేదంటారేంది అని కసురుకున్నారట. అవి పిట్టలు గుడ్లు పెట్టే చోట్లని, చేపల వేటకెళ్ళే పల్లెకారుల పెద్ద ఒకాయన మెల్లగా చెప్పి చూశాడట. చెట్లుంటే పిట్టలకి ఇంకా మంచిదే గదా అన్నారట రేంజరు గారు. అక్కడున్న మా వాళ్ళంతా అవునవునన్నారు. చెప్పిన పెద్దాయనకి కూడా ఆ మాట నిజమేననిపించింది. నేనున్నా అవుననే అనేదాన్ని. చెట్లు లేని చోట పిట్టలు సుఖంగా ఉంటాయని ఫారెస్టు వాళ్ళకి ఎలా తోస్తుంది?

ఇంకో సంగతి ఉంది. సరుగుడు నాటేది వానలు పడ్డాక, కార్తీక మార్గశిరాల్లో. ఆ రోజుల్లో దిబ్బల మీద ఉల్లంకి పిట్టలు తప్ప ఏమీ ఉండవు. అవి తడి ఇసుకలో ముక్కులు గుచ్చుకుంటూ నీటి అంచునే పరిగెత్తుతాయి, పైకి రావు. పిట్టలకి అంచు, మొక్కలకి మిట్ట, తగువే లేదనుకున్నారు. అసలు పిట్టలు వచ్చేది ఎండాకాలంలో. ఎండాకాలంలో మా వాళ్ళెవరూ దిబ్బలెక్కరు. నిలబడటానికి నీడ ఉండదు, తాగటానికి నీళ్ళుండవు. అలా నాటినవాళ్ళు పిట్టల్ని చూడలేదు, పిట్టలు నాటినవాళ్ళని చూడలేదు.

ఒట్టి ఇసుకలో, చుట్టూ ఉప్పునీళ్ళ మధ్య ఆ మొక్కలు బతకడానికి కారణం మా వాచరు. ఆయన దూదేకుల సాయిబు. పక్క టౌనులో వాళ్ళ ఇంట్లో తరాలుగా దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఫోం పరుపుల షాపులు వచ్చాక దూదేకే విల్లు గోడకెక్కింది, ఆయన తోట కూలీకి వచ్చాడు. నా కంటే పెద్దవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు. సాయిబు చేసిన పని ఏమిటంటే, ఊళ్ళో జనం పారేసే పాత పరుపుల దూది మూటలు కట్టి పడవలో తెచ్చి, ప్రతి గుంటలో అడుగున గుప్పెడు దూది పెట్టి, దాని మీద మొక్క పెట్టాడు. ఇసుకలో పోసిన నీళ్ళు నిలవవు, దూదిలో పోసినవి నిలుస్తాయి. శివరాత్రి దాకా పడవ మీద మంచినీళ్ళ బిందెలు చేరవేసి పోశాడు. ఆ పైన వేళ్ళు కింది తడిని అందుకున్నాయి. ఎక్కడెక్కడో ఒడ్డున నాటినవి ఎండిపోయి దిబ్బల మీదివి పచ్చగా లేచేసరికి అందరూ ముక్కున వేలేసుకున్నారు. పై ఆఫీసర్లు పడవల్లో వచ్చి చెట్ల మధ్య నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఆ ఫోటోల్లో సాయిబు లేడు, పడవ పట్టుకుని ఉంటాడు.

ఆయన కూలీ రోజువారీ. ఏళ్ళ తరబడి తోటలు కాసిన వాచర్లను పర్మినెంటు చేస్తారని అప్పట్లో గట్టిగా చెప్పుకునేవాళ్ళు. ఒకటే షరతు, కాసిన తోట బతికి ఉండాలి. మా జిల్లాలో ఆ షరతు గురించి దిగులు పడక్కర్లేని వాచరు సాయిబు ఒక్కడేనని నేను ఆయనతోనే చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు గానీ, ఆ మాట మళ్ళీ వినాలని ఉన్నట్టు నిలబడేవాడు.

నేను వెళ్ళాక రెండో ఎండాకాలంలో ఆ పల్లెకారుల పెద్ద మా క్వార్టరుకి వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దని కాపు అంటారు. వచ్చి, మీ చెట్ల మీద కాకులు కాపురం పెట్టినాయి మేడం అన్నాడు. నాకు చిర్రెత్తింది. పొద్దుటి నుంచీ ఎండలో తిరిగి వచ్చి, కాకుల మీద ఫిర్యాదు వినాల్సి వచ్చింది. కాకుల మీద కేసు రాయడానికి మా దగ్గర సెక్షను లేదన్నాను. ఆయన కోపగించుకోలేదు. తాపీగా కూర్చుని సంగతంతా చెప్పాడు.

పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో దిబ్బల మీద ఎవరూ కాలు పెట్టకూడదని వాళ్ళ ఊరి కాపులు కట్టుబాటు వేస్తారు. దాన్ని దురాయి అంటారు. దురాయి మీరినవాడితో ఊళ్ళో ఎవరూ మాట్లాడరు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు. ఇది పిట్టల మీద ప్రేమ కాదని కాపే చెప్పాడు. మొగ దగ్గర ఇసుక ఏటేటా జరుగుతుంది, నిరుడు పడవ వచ్చిన దారిలో ఈ ఏడు తిన్నె లేస్తుంది. పిట్టలు మాత్రం ఆ ఏడు నీళ్ళెక్కని మిట్ట ఏదో చూసుకుని అక్కడే గుడ్లు పెడతాయి. తెల్లవారు మసకలో వేటనుంచి వచ్చే పడవకి గట్టు కనపడకపోయినా వాటి గోల వినపడుతుంది. గోలని కుడి చేతి వైపు పెట్టుకుని వస్తే మొగ దొరుకుతుంది. ఇప్పటి పిల్లలకి ఫోన్లున్నాయి, దారి అవే చెబుతాయి. పాతవాళ్ళు ఇంకా చెవుల మీదే వస్తున్నారు. ఆ గోల ఏడాదికేడాది తగ్గిపోతోందని ఆయన బాధ. చెట్లు లేచిన రెండు దిబ్బలూ వదిలేసి పిట్టలన్నీ చిట్టి దిబ్బ మీదికి చేరాయి. పక్క దిబ్బ చెట్ల మీద కాకులు కూర్చుని చూస్తూ ఉంటాయి.

మరునాడు ఆయన పడవలో నన్నూ సాయిబునీ తీసుకుపోయాడు. చిట్టి దిబ్బకి దూరంగా లంగరు వేశాడు. దురాయి ఉంది గనక దిగకూడదు. మిట్ట మధ్యాహ్నం కాకుండానే ఇసుక మీద గాలి మెరుస్తోంది. మొదట నాకేమీ కనపడలేదు. తర్వాత ఇసుకే కదిలినట్టయి, అవి పిట్టలని తెలిసింది. తెల్లటి పొట్ట, బూడిద రంగు వీపు, తల మీద నల్ల టోపీ, పసుపు ముక్కు. పల్లెలో వాటిని రేవు పిట్టలంటారు. పిడికిలంత పిట్ట, అరుపు మాత్రం ఊరికి సరిపడా ఉంది. గూడు లేదు, పుల్ల లేదు. ఇసుకలో బొటనవేలితో నొక్కినంత గుంట, అందులో ఇసుక రంగు గుడ్లు. పిట్టలు వాటిని పొదగడం లేదు. గుడ్ల మీద రెక్కలు కాస్త ఎత్తి నిలబడి నీడ ఇస్తున్నాయి. ఆ ఎండకి గుడ్డు వదిలేస్తే ఉడికిపోతుందని కాపు చెప్పాడు.

ఒక పిట్ట లేచి నీళ్ళ మీదికి వెళ్ళి, చేప కోసం దూకకుండా, పొట్ట మాత్రం తడుపుకుని వచ్చి గుడ్ల మీద వాలింది. కాసేపటికి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ పొట్ట తడుపుకుని వచ్చింది. సాయిబు పడవ అంచు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"అది గూడా నీళ్ళు మోస్తా ఉండాదమ్మా" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే నడిమి దిబ్బ మీది నుంచి కాకి ఒకటి లేచింది. పిట్ట మళ్ళీ నీళ్ళకి ఎప్పుడు పోతుందా అని కనిపెట్టుకుని ఉన్న కాకి. గుంట దగ్గర వాలి, గుడ్డు ముక్కున కరుచుకుని, వచ్చిన చెట్టు మీదికే వెళ్ళి కూర్చుంది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి దాని మీద పడ్డాయి. అవి లేచినంతసేపూ మిగిలిన గుడ్లన్నీ ఎండలో ఉన్నాయి. ఆ సందులో ఇంకో కాకి వచ్చింది. కాపు మా మొహాలకేసి చూడలేదు, అదొక మర్యాద.

ఒడ్డున దిగాక సాయిబు, చెట్లు తీసేద్దాం అమ్మా, అవి ఆడ ఉండకూడదు అన్నాడు. నేను ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాల్సిందంతా చెప్పాను. తోట పోతే వాచరు పని పోతుంది. పర్మినెంటు లిస్టు ఇంకా రాలేదు. అది వచ్చిందాకా ఆగు, నీ కడుపు నువ్వే కొట్టుకోకు అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు పిట్టల కంటే ఆయనే ఎక్కువ. ఆయన విన్నాడు. "లిస్టు వచ్చిందాకా అది నీళ్ళు మోసుకుంటా ఉంటుందా అమ్మా?" అని అడిగాడు. ఇంక నేను ఆపలేదు.

చెట్లు తీయడానికి అనుమతి ఇవ్వమని పైకి రాశాను. ఇక్కడ మీరు ఒకటి తెలుసుకోవాలి. మన శాఖలో నాటతామంటే అడ్డు చెప్పేవాడు ఉండడు. నరుకుతామంటే, అదీ బాగా వచ్చిందని ఫోటోలతో సహా చూపించిన తోటని, మేమే నరుకుతామంటే, కాగితం ముట్టుకునేవాడు ఉండడు. కొత్త రేంజరు చదివి నవ్వాడు. ఆరోగ్యం బాగానే ఉందా అని నన్నడిగాడు. నేను విడవకపోయేసరికి పైకి పంపాడు. పై నుంచి ప్రశ్నలు వచ్చాయి. కలప విలువెంత అన్నారు. చెప్పాం. పిట్టలు తగ్గింది చెట్ల వల్లనేనని ఎవరు తేల్చారు అన్నారు. చూసిందంతా రాశాం. రేపు తుపాను వచ్చి ఊరు మునిగితే బాధ్యత ఎవరిది అన్నారు. దిబ్బలు ఊరికి అడ్డమే కావని పటం గీసి పంపాం. పటంలో కొలత సరిపోలేదని తిప్పి పంపారు. కాళ్ళరిగేలా తిరిగాను. ఒక టేబులు మీద చేసిన తప్పు ఇంకో టేబులు ఒప్పుకోవాలంటే, మధ్యలో ఎన్ని టేబుళ్ళుంటాయో అప్పుడే తెలిసింది.

ఈలోగా మళ్ళీ ఎండలు వచ్చాయి. సాయిబు తోచిందల్లా చేశాడు. పాత వలలు తెచ్చి చెట్ల తలల మీద కప్పాడు. గాలికి చిరిగిపోయాయి. పడవలో కూర్చుని రేకు డబ్బా మోగించాడు. కాకులతో పాటు పిట్టలూ లేచిపోయాయి, మానుకున్నాడు. ఒకరోజు గొడ్డలి తీసుకుని పడవ దగ్గరికి వస్తే నేనే అడ్డం నిలబడ్డాను. ఆర్డరు లేకుండా ఒక్క చెట్టు నరికినా అది నేరం, వాచరు నరికితే ఇంకా పెద్ద నేరం, కేసు రాయాల్సింది నేను. "రాయండమ్మా" అన్నాడు. నా మొహం చూసి, గొడ్డలి పడవలో పడేసి వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలం చిట్టి దిబ్బ మీద పిల్ల ఒక్కటి కూడా రెక్కలొచ్చి ఎగరలేదు.

ఆ మరుసటి ఎండాకాలంలో వచ్చిన పిట్టలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అవి కూడా కుదురుగా ఉండలేదు. వాలేవి, లేచేవి, ఒకనాడు చూస్తే లేవు. కొన్నాళ్ళకి కాపు కనపడి, దురాయి ఎత్తేసినాం మేడం అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. కాయడానికి ఏమీ లేనప్పుడు కట్టుబాటు దేనికి? అప్పటి నుంచి పిల్లలు చిట్టి దిబ్బ మీద క్రికెట్టు ఆడుకునేవాళ్ళు.

అప్పుడొచ్చాడు కొత్త డివిజనల్ ఆఫీసరు. చిన్నవాడు, పిట్టలంటే ఇష్టం ఉన్నవాడు. ఫైలు చదివి, పడవెక్కి దిబ్బలు చూసి, కాపుతో మాట్లాడి, ఆఫీసుకి పోయి సంతకం పెట్టాడు. అంతసేపే పట్టింది. ఆర్డరు చేతికొచ్చినప్పుడు సంతోషం బదులు నాకు పట్టరాని కోపం వచ్చింది. మాఘమాసం వెళ్తోంది, పిట్టలు వచ్చే వేళకి దిబ్బలు బోసిగా ఉండాలి.

నరికిన రోజు గురించి ఎక్కువ రాయలేను. కూలీలు పడవల్లో వచ్చారు. మొదటి దెబ్బ తనే వేస్తానని సాయిబు అడిగాడు. పెద్ద దిబ్బ నడుమ అన్నిటికంటే లావైన చెట్టు దగ్గరికి వెళ్ళి, దాని మొదలు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఏదైనా చదివాడేమో, పెదాలు కదిలాయి. తర్వాత గొడ్డలి ఎత్తాడు. ఆ తర్వాత ఆగలేదు. కూలీలు బీడీకి కూర్చున్నా ఆయన కూర్చోలేదు. మోడు మిగిల్చినా దాని మీద కాకి కూర్చుంటుందని, ప్రతి మొదలూ తవ్వించి పీకించాడు. వేళ్ళతో పాటు నల్లబడిన దూది పైకి వచ్చింది. దాన్ని కూడా ఏరించి గోతాల్లో వేయించాడు, ఇసుక పిట్టలకి ఎట్టా ఉండేదో అట్టా ఉండాలన్నాడు. రెండు దిబ్బలూ పూర్తయ్యేసరికి చాలా రోజులు పట్టింది. కాపు పడవలిచ్చి కలప మోయించాడు. పొయ్యిలోకి నాలుగు కొమ్మలు తీసుకుపొమ్మని నేను సాయిబుతో అంటే, వద్దమ్మా అన్నాడు.

చివరి రోజు సాయంత్రం అక్కడ నిలబడితే వింతగా అనిపించింది. సరుగుడు తోటలో గాలి ఎప్పుడూ హోరుమంటూ ఉంటుంది, అది లేదు. పిట్టలూ లేవు. నీళ్ళు ఇసుకని తాకే చప్పుడు ఒక్కటే ఉంది. నాకు ఏడుపొచ్చింది. యూనిఫాంలో ఉన్నానని ఆపుకున్నాను.

డివిజనల్ ఆఫీసరు ఒక మాట చెప్పాడు. చోటు వదిలేసిన పిట్టలు తమలాంటివి కనిపిస్తే ధైర్యం చేసి వాలతాయట, బొమ్మలు పెట్టి చూద్దామన్నాడు. ఎవరు చేస్తారా అని మేము ఆలోచిస్తుండగానే సాయిబు ఇంటికి పోయి కుట్టడం మొదలుపెట్టాడు. తెల్లగుడ్డ పొట్ట, బూడిద గుడ్డ వీపు, నల్ల గుడ్డ టోపీ, లోపల దూది. ముక్కులు పుల్లలతో చేసి పసుపు రంగు వేశాడు. పరుపులు కుట్టిన చేతులు గదా, కుట్టు ఎక్కడా పైకి కనపడలేదు. వాటిని మూడు దిబ్బల మీదా గుంపులు గుంపులుగా నాటాడు. దూరం నుంచి చూసి కాపు కూడా ఒక్క క్షణం మోసపోయాడు. పిట్టలు రాకముందే మళ్ళీ దురాయి వేయించాడు.

ఉగాది వెళ్ళింది. మేము రోజూ పొద్దున్నే పడవలో వెళ్ళి దూరంగా కూర్చునేవాళ్ళం. ఒకనాడు దక్షిణం వైపు నుంచి ఒక జంట వచ్చింది. సాయిబు నా చెయ్యి పట్టుకున్నాడు, అంతకుముందెన్నడూ నన్ను ముట్టుకున్నవాడు కాదు. అవి పెద్ద దిబ్బ మీద తిరిగాయి. ఒకటి కిందికి దిగి బొమ్మల మీద రెక్కలాడిస్తూ నిలబడి అరిచింది. జవాబు కోసం చూసినట్టుంది. బొమ్మలు ఏం పలుకుతాయి? ఇంకోసారి అరిచి, పైకి లేచి, జంటతో కలిసి ఉత్తరం వైపు వెళ్ళిపోయింది. అవి చుక్కలై మాయమయ్యేదాకా సాయిబు నా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత ఆ ఏడు మళ్ళీ రాలేదు. గాలివానలకి బొమ్మలు చిరిగి దూది నీళ్ళ మీద తేలింది. కాపు పిల్లలు ఏరి తెచ్చి ఇచ్చారు.

తోట లేదు గనక వాచరు అక్కర్లేదని జూన్ తర్వాత కాగితం వచ్చింది. పర్మినెంటు లిస్టు ఆ మరుసటి ఏడు వచ్చింది. కాసిన తోట బతికి ఉన్నవాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి. సాయిబుకి మినహాయింపు ఇవ్వమని డివిజనల్ ఆఫీసరు రాశాడు, నేనూ రాశాను. జవాబు రాకముందే ఆ ఆఫీసరుకి బదిలీ అయింది. మా ఉత్తరం ఏ టేబులు మీద ఆగిపోయిందో నాకు తెలియదు.

నేను ఆ బీటులో ఉన్నంతకాలం ఏటా ఎండల్లో వెళ్ళి చూసేదాన్ని. దిబ్బలు ఖాళీగా ఉన్నాయి, మా రేంజరు గారు మొదట అనుకున్నట్టే. ఇంకెక్కడో, ఇంకో మొగ దగ్గర అవి బతుకుతున్నాయనే అనుకుంటాను. అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

ఈ మధ్య, రిటైరయ్యాక, టౌనుకి పనిమీద వెళ్ళి సాయిబుని వెతుక్కుంటూ పోయాను. మేడ మెట్ల కింద చిన్న చోటులో దిండ్లు కుడుతున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవబోతే కూర్చోబెట్టాను. టీ తెప్పించాడు. పిట్టల గురించి ఆయన అడగలేదు, కాపు ఎప్పుడైనా వస్తే చెబుతుంటాడట. ఇంట్లోవాళ్ళ గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం. నేను లేస్తుండగా, కుట్టడం ఆపకుండానే, ఒకటి అడుగుతానమ్మా అన్నాడు.

"ఆ కాగితం మూడేండ్లు ఎందుకు పట్టినాది? మొదటి ఏడే ఇచ్చి ఉంటే అవి ఉండేవి గదా."

ఆయన దగ్గర సాకులు చెప్పలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెట్లు నాటిస్తే పేరొస్తుంది, నరికిస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. ఉద్యోగానికి ఏం ముప్పొస్తుందోనని ఎవరికి వాళ్ళు పక్కకి జరిపారు, అంతకు మించి కారణం లేదన్నాను. ఆయన దారం కొరికి, కుట్టిన అంచు వేళ్ళతో నొక్కి చూసుకున్నాడు.

"ఆ సంతకం పెట్టే చోట నేనుండి ఉంటే, ఆ పడవ దిగిన రోజే పెట్టేసి ఉందునమ్మా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. పోయేది తన పనేనని తెలిసి కూడా పెట్టేవాడని నాకు తెలుసు. తర్వాత సూదీ దారం నా వైపు చాచి, ఎక్కించి ఇవ్వమ్మా, చూపు ఆనడం లేదు అన్నాడు. ఎక్కించి ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగినవాటిలో ఆలస్యం లేకుండా నేను చేసి ఇచ్చింది అదొక్కటే.